సైరన్‌ని సాక్షిగా పిలిచిన వకీలు

కోలారు కోర్టు ఆవరణలో టీ అమ్మే మనిషిని నా గురించి అడిగి చూడండి. పేరు చెప్తే గుర్తుపట్టడు. "ఓ, ఒంటి బూటు లాయరా?" అంటాడు. ఆ బిరుదు నాకెట్లా దక్కిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. ముందే ఒక హెచ్చరిక: ఇందులో నేను గెలిచే ఘట్టం వెతికినా దొరకదు. చేతిలో పడ్డ కేసు, జిల్లాలోకెల్లా పెద్ద క్లయింటు, కొత్తగా కుట్టించుకున్న గౌను, అన్నిటికంటే ముఖ్యంగా నా పరువు, అన్నీ ఒకే మధ్యాహ్నం కోర్టు మెట్ల మీద జారిపోయాయి. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

నేను యాజమాన్యాల తరఫు లాయర్ని. పనిలోంచి తీసేసిన మనిషి లేబర్ కోర్టుకు వెళ్తే, "తీసేయడం న్యాయమే" అని చెప్పడానికి కంపెనీ పిలుచుకునేది నన్ను. మాలూరు, నరసాపుర వైపు మామిడి తోటలు కొట్టేసి ఫ్యాక్టరీలు లేపినకొద్దీ నాకు చేతినిండా పని దొరికింది. ఆ రోజుల్లో నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా ఈ వృత్తిలో నన్ను మించినవాడు లేడని ఒక గట్టి నమ్మకం ఉండేది. అద్దంలో చూసుకుంటూ క్రాస్ ఎగ్జామినేషన్ చేసుకునేవాణ్ణి. అద్దంలోని మనిషి ప్రతిసారీ తప్పు ఒప్పుకునేవాడు.

నా పద్ధతి నవ్వుతూ అడగడం. "జ్వరమని సెలవు పెట్టారు. పాపం, ఆ జ్వరంతోనే పెళ్లిలో భోజనం వడ్డించారా అమ్మా?" అని మెత్తగా అడిగేవాణ్ణి. సాక్షి తడబడేది, హాలు నవ్వేది, నేను గౌను సర్దుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి. కూర్చోవడంలో ఒక సుఖముంది. ఆ సుఖం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే మిగతా కథ మీకు అర్థం కాదు.

మాది కేజీఎఫ్. మా తాత చిత్తూరు వైపు పల్లె వదిలి బంగారు గనిలో పనికి వచ్చాడు. ఆయన తర్వాత మా నాయన దిగాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన గనిలోనే పోయాడు. ఆ తర్వాత విచారణ జరిగింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అమ్మ నిలబడింది. నాయనతో పనిచేసినవాళ్లు నిలబడ్డారు. గని తరఫున వచ్చిన లాయరుకు మాత్రం కుర్చీ వేశారు, కప్పూ సాసరులో కాఫీ ఇచ్చారు. ఆయన కాఫీ ఊదుకుంటూ, తప్పంతా చనిపోయిన మనిషిదేనని చాలా మర్యాదగా చెప్పాడు.

అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నేను ఆ కుర్చీ వైపే చూస్తున్నాను. చేతులున్న కుర్చీ, వెనక వైరు అల్లిక. ఆ రోజు నుంచి పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా "లాయరు" అనేవాణ్ణి. తండ్రి చావుకు న్యాయం అడుగుతాడు కాబోలు, బిడ్డ ఎంత మంచివాడు అని మా లైన్లో, అంటే గని కూలీల ఇళ్ల వరసలో, ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు. నాకు కావలసింది కుర్చీ. అది నేను ఎవరికీ చెప్పలేదు.

కుర్చీ వచ్చింది. కుర్చీతోపాటు శ్రీకాంత్ కూడా వచ్చాడు.

శ్రీకాంత్ ఒక ఫ్యాక్టరీలో పర్సనెల్ మేనేజరు. కార్లలో వాడే వైర్లను కట్టలు కట్టే ఫ్యాక్టరీ అది. విజయవాడ మనిషి, ఉద్యోగం కోసం ఇటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం తెలిసినవాడు. ఒక రోజు నా ఆఫీసుకు వచ్చి ఫైలు బల్ల మీద పెట్టాడు.

"చాలా చిన్న కేసు సార్. మునిరత్న అని ఒకామె, మీ కేజీఎఫ్ నుంచే బస్సులో వస్తుంది. మేం అగ్నిప్రమాదాల సైరన్ కొత్తది పెట్టి, పనిచేస్తుందో లేదో అని మోగించాం. ముందురోజే బోర్డు మీద నోటీసు కూడా అంటించాం. సైరన్ మోగగానే ఈవిడ మెషీన్ ఆపేసి, 'బయటికి రండి, బయటికి రండి' అని అరుస్తూ పరుగెత్తింది. ఆవిడ వెనకాలే అందరూ లేచారు."

"భయపడి ఉంటుంది."

"అక్కడితో అయిపోతే నేనెందుకు వస్తాను సార్? గేటు దగ్గరికెళ్లి అడ్డంగా నిలబడింది. బయటికొచ్చే ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడింది. టెస్టే తల్లీ, లోపలికి వెళ్లు అని నేనే చెప్పాను. ఆఖరి మనిషి వచ్చేదాకా కదలనంది. సరుకు లారీ రోడ్డు మీదే ఆగిపోయింది. అనుమతి లేకుండా పనిచోటు విడిచిపెట్టడం, తోటివాళ్లను రెచ్చగొట్టడం, గేటుకు అడ్డం నిలబడటం. మూడు అభియోగాలు పెట్టి తీసేశాం."

"ఆమె ఏమంటోంది?"

శ్రీకాంత్ నవ్వాడు. "సైరన్ మోగితే కాళ్లు వాటంతటవే పరుగెడతాయట! కేజీఎఫ్ వాళ్లకి అది అలవాటట. మీదీ కేజీఎఫే కదా సార్, అలాంటిదేమైనా ఉందా?"

ఉంది. మీకు చెప్తాను, ఆయనకు చెప్పలేదు.

గని నడిచినన్నాళ్లూ సైరన్ షిఫ్టు షిఫ్టుకీ మోగేది. దాన్ని మేం సంగు అనేవాళ్లం. సంగు మోగితే ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు, పిల్లలు బడికి బయల్దేరేవాళ్లు, తలెత్తి చూసేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు. కానీ వేళ తప్పి మోగితే కింద ఏదో జరిగిందని అర్థం. పొయ్యి మీద కూర పొయ్యి మీదే, వాకిలి తీసింది తీసినట్టే. ఊరంతా గని నోటి దగ్గరికి పరుగెత్తాల్సిందే. అక్కడ గేటు పట్టుకుని నిలబడి, పైకి వచ్చే ఒక్కొక్క మొహమూ చూడాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తన మనిషి క్షేమంగా పైకొచ్చినా సరే, ఎవరూ ఇంటికి పోకూడదు. ఆఖరి మనిషి వచ్చేదాకా అందరూ నిలబడాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పేవాళ్లు కాదు.

గని మూతపడి చాలా ఏళ్లయింది. మునిరత్న చేసింది ముమ్మూర్తులా అదే. వినగానే నాకు తెలిసిపోయింది.

"కట్టుకథ," అన్నాను శ్రీకాంత్‌తో. "ఇది యూనియన్ నేర్పిన మాట. నాకు వదిలేయండి."

ఇంతవరకూ నాది ఉద్యోగధర్మం అనుకుందాం. తెలివితక్కువతనం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. మామూలుగా రెండు ప్రశ్నలడిగి వదిలేస్తే సరిపోయేది. నాకు మామూలుతనం గిట్టదు కదా! స్నానం చేస్తుండగా బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సైరన్ మోగితే కాళ్లు ఆగవంటోంది. సరే, కోర్టులోనే మోగిద్దాం. బోనులో ఉన్న మనిషి ఎక్కడికి పరుగెడుతుంది? జడ్జిగారి ఎదుట బుద్ధిగా నిలబడుతుంది. కథ అబద్ధమని తేలిపోతుంది. మర్నాడు బార్ అసోసియేషన్లో నా పేరు మోగిపోతుంది. పేరు మోగిన మాట నిజమే, ఏ పేరు అన్నది మీకు మొదటే చెప్పాను.

శ్రీకాంత్‌కు ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు. "మా స్టోర్స్‌లో చేత్తో తిప్పే సైరన్ ఉంది సార్! కరెంటు లేనప్పుడు వాడేది. పట్టుకొస్తాను."

విచారణ ముందురోజు సాయంత్రం దాన్ని కారు డిక్కీలో దుప్పటి కప్పి మా ఇంటికే తెచ్చాడు. చిన్న పిండి మర అంత ఉంది, ఎర్ర రంగు, పక్కన పిడి. వరండాలో దించుతుండగా అమ్మ బయటికొచ్చింది. చేతిలో రాగి సంగటి కెలికే కర్ర ఉంది.

"ఏమిరా అది? రుబ్బురోలా?"

"సైరన్ అమ్మా."

"సంగా?" అమ్మ గడప దాటలేదు. "దాన్ని ఇంటికెందుకు తెచ్చినావు?"

"రేపు కోర్టులో మోగించాల."

"ఏ వేళకు?"

"మధ్యాహ్నం, కేసు పిలిచినప్పుడు."

"అది షిఫ్టు వేళ గాదే."

"కోర్టులో షిఫ్టులు యాడుంటాయమ్మా!" అని నేను నవ్వాను. శ్రీకాంత్ కూడా మర్యాదకు నవ్వి, "ఒకసారి తిప్పి చూద్దామా సార్, తుప్పు పట్టిందేమో," అని పిడి మీద చెయ్యి వేశాడు.

అమ్మ కర్ర చూపించింది. "తిప్పినావంటే చెయ్యి ఇరగ్గొడ్తా నాయనా. ఈ లైన్లో ఇంగా ముసిలోళ్లు ఉండారు. వేళగాని వేళ అది మోగితే గుండె ఆగి పోతారు."

శ్రీకాంత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయనకు నచ్చచెప్పి పంపించాక అమ్మ నాతో అంది, "వొద్దురా. దాన్ని ఆటకు మోగించగూడదు."

"ఆట గాదమ్మా, సాక్ష్యం."

"ఎవురి మీద?"

"ఒకామె అబద్ధం చెప్తా ఉండాది. సంగు మోగితే కాళ్లు నిలబడవంట."

అమ్మ నన్ను చూసి, "అబద్ధమా?" అంది. సంగటి కెలకడానికి లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు సంగటి వడ్డించింది గానీ పచ్చడి వెయ్యలేదు. ఆడవాళ్లకు చట్టం అర్థం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ వాక్యం చదివి నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, ఆ హక్కు మీకుంది.

దీనివల్ల జరిగిందేమిటంటే, సైరన్‌ని నేను చూశాను, మొయ్యడానికి సాయం పట్టాను, దుమ్ము కూడా తుడిచాను. అది మోగడం మాత్రం వినలేదు. నా సొంత సాక్షిని కోర్టుకు ముందు ఒక్కసారి కూడా విచారించుకోని లాయర్ని నేనొక్కణ్ణే అయివుంటాను.

మర్నాడు కోర్టు కిటకిటలాడుతోంది. లేబర్ కోర్టు జడ్జిగారు బయటినుంచి వచ్చి కోలారులో విచారణలు జరిపే రోజు అది. ఆమె మితభాషి. కోర్టు మాటలన్నీ కన్నడంలోనే సాగాయి. మునిరత్న మాత్రం తనకు వచ్చిన తెలుగులోనే చెప్పింది, జడ్జిగారికి అది అర్థమవుతుంది. ఆమె తరఫున నిలబడింది అంజప్ప. ఒకప్పుడు గనిలో పనిచేసి, గని మూశాక యూనియన్ పని నెత్తిన వేసుకున్న పెద్దాయన. భుజం మీద తువ్వాలు, జేబులో రెండు పెన్నులు.

మునిరత్నది దాదాపు నా ఈడే. ముతక చీర, తలలో కనకాంబరాలు. కూతురు పదో తరగతి చదువుతోందనీ, ఇంటికి ఆధారం ఈ పనేననీ అంజప్ప ముందే చెప్పాడు. పని పోయినప్పటినుంచీ కూతుర్ని చదువు మాన్పించాలా వద్దా అని ఇంట్లో గొడవ జరుగుతోందట. నేను అది రాసుకోలేదు. నాకు పనికొచ్చే విషయం కాదది.

"అమ్మా, మీరు గనిలో పనిచేశారా?" నా నవ్వు మొదలుపెట్టాను.

"లేదప్పా. మా నాయన చేసినాడు."

"మీ నాయన గనిలో ప్రమాదంలో పోయారా?"

"లేదు. పైకొచ్చినాడు. తర్వాత చాలా కాలం బతికినాడు."

"మీ ఇంట్లో ఇంకెవరైనా?"

"ఎవురూ పోలేదప్పా."

నేను హాలు వైపు తిరిగాను. ఇట్లాంటి చోట తిరగడం నాకలవాటు. "మీ ఇంట్లో ఎవరూ పోలేదు. మీరు గని మొహం చూడలేదు. మరి సైరన్‌కి అంత భయమెందుకమ్మా?"

"భయం గాదప్పా."

"మరి?"

"నిలబడాల. అంతే."

"ఎవరి కోసం నిలబడాలి? అందరూ బయటికొచ్చేశారు, మీ మేనేజరుగారే టెస్ట్ అని చెప్పారు. ఇంకా ఎవరి కోసం నిలబడ్డారు?"

ఆమె నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "ఆఖరోడి కోసరమప్పా. వాడు ఎవురో మనకేం తెలుసు?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోట నవ్వకపోతే నాకు చిరాకు. అందుకే తొందరపడ్డాను. "యువర్ ఆనర్, ఈ కథ నిజమో కాదో ఇప్పుడే తేలిపోతుంది. నిజమైన సైరన్ తెప్పించాను. మోగించడానికి అనుమతి కావాలి. ఈ సాక్షి అడుగు కూడా కదలదని నేను హామీ ఇస్తున్నాను."

అంజప్ప లేచాడు. "వొద్దు తల్లీ. ఆ యమ్మ సంగతి అట్లుండనీ, నా కాళ్లకే నేను హామీ ఇయ్యలేను."

జడ్జిగారు సైరన్‌ని, నన్ను మార్చి మార్చి చూశారు. "వకీలుగారూ, ఇది అవసరమా?"

"అత్యవసరం, యువర్ ఆనర్."

"సరే. ఒక్కసారే. పక్క హాళ్లకు ముందుగా చెప్పి రండి." బెంచి క్లర్కు పోయి చెప్పొచ్చాడు. చింతామణి నుంచి కొత్తగా వచ్చిన సన్నపాటి మనిషి. వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. పాపం, అది అతను చేసిన తప్పు.

శ్రీకాంత్ చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకున్నాడు. నేను సైరన్‌కి వీపు పెట్టి, సాక్షి మొహం మీద కళ్లు నిలిపి, చెయ్యి పైకెత్తి సైగ చేశాను.

మొదట తలుపు కిర్రుమన్నట్టు వినిపించింది. తర్వాత గొంతు లేచింది. మెల్లిగా, కిందనుంచి, నేలలోంచి పైకి వచ్చినట్టు.

ఆ తర్వాత జరిగింది నాకు గుర్తు లేదు. కోర్టు రికార్డుల్లో ఉన్నదీ, ఊరంతా చెప్పుకుంటున్నదీ కలిపి చెప్తున్నాను.

నేను "సంగు! బయటికి రండి, బయటికి రండి!" అని కేజీఎఫ్ మొత్తానికి వినిపించేట్టు అరిచానట. బల్ల దాటి దూకానట. పక్కనున్న క్లర్కు చెయ్యి పట్టి లాక్కుంటూ మెట్లు దిగానట. నా అరుపుకు పక్క హాల్లోవాళ్లు లేచారు. ముందే చెప్పి ఉన్నా లేచారు, ఎందుకంటే గౌను వేసుకున్న లాయరే పరుగెడుతుంటే అది ఉత్తుత్తి సైరనని ఎవరు నమ్ముతారు? విడాకులకు వచ్చిన ఒక జంట చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తారట. వాళ్ల కేసు ఏమైందో తెలియదు.

నాకు తెలివి వచ్చేసరికి కోర్టు గేటు దగ్గర ఉన్నాను. రెండు చేతులూ చాపి గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాను. ఎదురుగా పోలీసు జీపు హారన్ కొడుతోంది. నా గౌను ఒక స్కూటరు హ్యాండిల్‌కి వేలాడుతోంది. నేను బయటికొచ్చే ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నాను.

"సార్, నా చెయ్యి," అంటున్నాడు క్లర్కు. "నాది చింతామణి సార్. మా ఊళ్లో గని లేదు. నన్నెందుకు లాక్కొచ్చారు?"

అతని చెయ్యి వదిలాను. మొహాలు చూడటం మాత్రం ఆపలేకపోయాను. లాయర్లు, ప్లీడరు గుమాస్తాలు, కక్షిదారులు. అందరూ వచ్చేశారు. మెట్లు ఖాళీ అయిపోయాయి. ఖాళీ మెట్లు చూసేసరికి నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. గౌను వేసుకునే వయసులో ఎవరూ అనాల్సిన మాట కాదది.

"నాయన రాలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే అని కాదు, ఎప్పుడూ గుర్తే ఉంది. ఆ రోజు కూడా మధ్యాహ్నమే. అమ్మ నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. గని నోట్లోంచి మనుషుల్ని మోసే కేజ్ పైకి వచ్చిన ప్రతిసారీ కొంతమంది దిగేవాళ్లు, ఎవరో ఒకామె ఏడుస్తూ ఎదురెళ్లేది. వచ్చినవాళ్లూ ఇంటికి పోలేదు, వాళ్ల ఆడవాళ్లూ పోలేదు. అందరూ మా పక్కన నిలబడ్డారు. ఆఖరి కేజ్ ఖాళీగా వచ్చింది. ఆ తర్వాత కూడా ఒక్కరూ కదల్లేదు. ఆఖరివాడు మా నాయనే. ఊరంతా నిలబడింది మా కోసమే.

ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. మునిరత్న. తలలో కనకాంబరాలు జారిపోయి ఉన్నాయి, ఆమె కూడా పరుగెత్తే వచ్చింది. ఆమె వెనకాల అంజప్ప ఆయాసపడుతున్నాడు. ఆఖరివాడి కోసం గేటు దగ్గర నిలబడింది మేం ముగ్గురమే, ముగ్గురం కేజీఎఫ్ వాళ్లమే.

"ఏమీ లేదప్పా," అంది మునిరత్న మెల్లగా. "మీ మేనేజరు తిప్పినాడు. గని మూసేసినారు. లోపల ఎవురూ లేరు."

"మా నాయన..."

"లోపల ఎవురూ లేరప్పా. అందురూ వచ్చేసినారు."

అంజప్ప భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. "మొగం తుడుచుకో నాయనా. గనిలో నాయన్ని పోగొట్టుకున్న మన పిల్లోడివని ఇన్నేండ్లు యాడా చెప్పలేదే నువ్వు!" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి ఉంటే బాగుండేది, తట్టుకునేవాణ్ణి.

మళ్లీ హాల్లోకి వెళ్లాం. నడుస్తుంటే ఒక కాలికి నేల చల్లగా తగిలింది. చూస్తే ఎడమ బూటు లేదు. అది మా బల్ల కింద బోర్లా పడి ఉంది. అంజప్ప దాన్ని వేలితో చూపించి, "యువర్ ఆనర్, దీన్ని మా తరఫు ఎగ్జిబిట్‌గా గుర్తించమని కోరుతున్నాను," అన్నాడు. హాలు గొల్లుమంది. నేను కోరుకున్న నవ్వు అదే, కాకపోతే వేరే దిక్కునుంచి వచ్చింది.

జడ్జిగారు నవ్వలేదు. "వకీలుగారూ, సైరన్ మోగినప్పుడు సాక్షి కదిలిందా?"

"నేను చూడలేదు, యువర్ ఆనర్."

"ఎందుకు?"

"నేను... ముందే వెళ్లిపోయాను."

"నేనూ చూడలేదు," అన్నారామె. "మిమ్మల్నే చూస్తున్నాను. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?"

"లేవు."

ఆమె సాక్షి వైపు తిరిగి, "చాలాసేపటినుంచి నిలబడ్డారు, వచ్చి కూర్చోండమ్మా," అన్నారు. హాలంతా జనం. ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, నాది. క్లర్కు దాన్నే ఆమెకు జరిపాడు. మునిరత్న కుర్చీ చివర, పడిపోతానేమోనన్నట్టు కూర్చుంది. నేను బూటు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

తీర్పు తర్వాత వచ్చింది. మునిరత్నను పనిలోకి తీసుకోవాలన్నారు. ఆమె చెప్పిన అలవాటు నిజమేననడానికి యాజమాన్యం తరఫు న్యాయవాది ప్రవర్తనకు మించిన రుజువు అక్కర్లేదని ఒక పేరా రాశారు. ఆ పేరా చదివినప్పుడల్లా నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. ఆమె కూతురు చదువు మానలేదని అంజప్ప చెప్పాడు. నా వృత్తి జీవితంలో నేను ఒక కార్మికురాలికి చేసిన ఏకైక మేలు అది. దానికి కూడా నా అనుమతి లేదు.

శ్రీకాంత్ తీర్పు దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే కారు దగ్గర నిలబడి చాలా మర్యాదగా అన్నాడు, "సార్, ఏమీ అనుకోవద్దు. మీరు అనుమతి లేకుండా పనిచోటు విడిచిపెట్టారు. పక్కవాళ్లను లేవదీశారు. గేటుకు అడ్డం నిలబడ్డారు."

"నా సంజాయిషీ వినరా?"

"అక్కర్లేదు సార్, ఫైలు ఇచ్చేయండి చాలు."

విచారణ లేకుండా తీసేయడం చట్టవిరుద్ధమని నాలుక చివరిదాకా వచ్చింది. అన్నేళ్లుగా ఆ వాదన ఎవరు చేసినా తిప్పికొట్టింది నేనే కాబట్టి మింగేసి ఫైలు ఇచ్చాను. సైరన్‌ని డిక్కీలో పెట్టడానికి సాయం కూడా పట్టాను.

ఇంటికొచ్చి అమ్మకు మొత్తం చెప్పాను. దాచాలనుకున్నాను గానీ కోలారులో బస్సు ఎక్కిన కథ నాకంటే ముందే మా లైన్లో దిగిందని గుమ్మంలోనే అర్థమైంది. నేను చెప్తుంటే క్లర్కు దగ్గరా, విడాకుల జంట దగ్గరా అమ్మ నవ్వింది. జీపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బూటు దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఏ కాలిది?" అని అడిగింది.

"ఎడం కాలిదమ్మా. ఎందుకు?"

అమ్మ నా కాళ్ల వైపు చూసింది. "ఆ పొద్దు గూడా నీకు ఎడం కాలికి చెప్పు లేదురా. దోవలో యాడో పడిపోయిండె. నాయన వస్తానే కొత్తవి కొనిస్తాడులే అని నేనే నిన్ను లాక్కోని పోతి."

తర్వాత అమ్మ లేచి సంగటి పెట్టింది. ఆ రోజు పచ్చడి ఎక్కువ వేసింది.

నేను ఇప్పటికీ యాజమాన్యాల తరఫునే వాదిస్తున్నాను. మారిపోయానని చెప్తే మీరు మెచ్చుకునేవాళ్లే, కానీ కడుపు మారలేదు. కాబట్టి కోర్టు ఆవరణలో టీ బండి సాక్షిగా, పాఠకులైన మీ ఎదుట ప్రమాణపూర్వకంగా విన్నవించుకుంటున్నది ఏమనగా: ఇకమీదట ఏ కోర్టులోనూ సైరన్‌ని సాక్షిగా పిలవను. చింతామణి వాళ్ల పక్కన నిలబడను. లేసులున్న బూట్లే కొంటాను, వాటికి రెండేసి ముళ్లు వేస్తాను. వేళ తప్పి సంగు మోగితే మళ్లీ పరుగెత్తనని మాత్రం ప్రమాణం చేయలేను. అబద్ధపు ప్రమాణానికి శిక్ష ఏమిటో లాయర్ని కదా, నాకు తెలుసు.